మీ మీద పోక్సో ఫిర్యాదు వస్తే: మొదటి రోజు నుంచి కోర్టు దాకా ఏం చేయాలి

"మా తమ్ముడి మీద పోక్సో పెట్టారంట సార్, ఇప్పుడేం చేయాలి?" అని అడిగేవాళ్లు రోజురోజుకూ ఎక్కువవుతున్నారు. పోక్సో అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం. ట్యూషన్ మాస్టరు, హాస్టల్ వార్డెన్, స్కూల్ వ్యాన్ డ్రైవరు, విడాకుల గొడవలో ఉన్న తండ్రి, పదిహేడేళ్ల అమ్మాయిని ప్రేమించిన ఇరవై ఏళ్ల కుర్రాడు, ఇలా ఎవరైనా కావచ్చు. ఫోన్ వచ్చేసరికి చాలామంది అప్పటికే ఏదో ఒక తప్పు చేసి ఉంటారు. పిల్ల ఇంటికి వెళ్లి మాట్లాడి ఉంటారు, ఫోన్‌లో మెసేజ్‌లు తుడిచేసి ఉంటారు, లేదా ఊరు వదిలి వెళ్లిపోయి ఉంటారు. అసలు ఆరోపణ కంటే ఈ మూడూ చేసే నష్టమే పెద్దదవుతున్న కేసులున్నాయి. అందుకే వరుస క్రమంలో రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఒక పిల్ల నోరు విప్పి చెప్పిందంటే ఆ మాటను చట్టం సీరియస్‌గా తీసుకోవాల్సిందే. ఇది ఆ పిల్లను నోరు మూయించే దారి చెప్పే వ్యాసం కాదు. ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషికి రాజ్యాంగం ఇచ్చిన రక్షణలు ఏమిటి, పిల్లకు కొత్త గాయం చేయకుండా వాటిని ఎలా వాడుకోవాలి అన్నదే ఇక్కడి విషయం. ఇది చదివినా లాయర్ అవసరం తీరదు. లాయర్ దగ్గరికి వెళ్లేలోపు చేయాల్సినవి, వెళ్లాక అడగాల్సినవి మాత్రం తెలుస్తాయి.

1. మొదటి 24 గంటలు

విషయం తెలియగానే కోపం, భయం రెండూ వస్తాయి. "నేనే వెళ్లి మాట్లాడి తేల్చేస్తా" అనిపిస్తుంది. వెళ్లకండి. మీరు మంచి మాటే మాట్లాడినా, రేపు కోర్టులో అది సాక్షిని బెదిరించినట్టు కనిపిస్తుంది. మీ అమ్మ, మీ భార్య, మీ బావమరిది వెళ్లినా అంతే. తప్పుడు సాక్ష్యం చెప్పమని ఎవరినైనా బెదిరించడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) సెక్షన్ 232 కింద విడిగా నేరం. దానికి 7 ఏళ్ల దాకా శిక్ష ఉంది.

ఈ రోజే చేయాల్సినవి:

☐ పిల్లతో, పిల్ల తల్లిదండ్రులతో, ఫిర్యాదు చేసినవాళ్లతో అన్ని రకాల సంప్రదింపులూ ఆపండి. ఫోన్, వాట్సాప్, మధ్యవర్తులు, స్కూల్ గేటు దగ్గర ఎదురుపడటం, అన్నీ.
☐ ఒకే ఇంట్లో ఉంటే మీరే బయటికి రండి. పిల్లను పంపించేయమని ఎవరికీ చెప్పకండి. ఎక్కడ ఉంటున్నారో లాయర్‌కు చెప్పండి.
☐ ఫోన్, లాప్‌టాప్‌లలో ఏదీ డిలీట్ చేయకండి. ఫార్మాట్ చేయకండి, సిమ్ మార్చకండి.
☐ వాట్సాప్‌లో డిసప్పియరింగ్ మెసేజ్‌లు ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి.
☐ స్టేటస్‌లు, వివరణలు, "దేవుడు చూస్తున్నాడు" పోస్టులు వద్దు.
☐ ఇంట్లో ఇద్దరు ముగ్గురికి మాత్రమే చెప్పండి. వాళ్లకు కూడా వివరాలు వద్దు, ఏం చేయకూడదో చెబితే చాలు.
☐ లాయర్‌కు ఫోన్ చేయండి.

పోస్టుల గురించి ఇంకొంచెం చెప్పాలి. పిల్ల పేరు రాయకపోయినా స్కూల్ పేరు, వీధి, తల్లిదండ్రుల వివరం, ఫోటో, ఏదో ఒకటి బయటపెట్టి గుర్తుపట్టేలా చేసినా పోక్సో చట్టం సెక్షన్ 23 కింద కేసు అవుతుంది. 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మీ స్నేహితులు మీ మీద అభిమానంతో అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టే మెసేజ్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. వాళ్లను ఈ రోజే ఆపండి.

2. ఎక్కడెక్కడ ఏం నడుస్తోందో తెలుసుకోండి

"కేసు పెట్టారు" అన్న ఒక్క మాట వెనుక మూడు వేర్వేరు దారులు ఉండొచ్చు. మూడింటికీ మూడు రకాలుగా స్పందించాలి.

మొదటిది పోలీసు కేసు. పోక్సో చట్టం 2012లో వచ్చింది, 2019లో శిక్షలు పెంచారు. 18 ఏళ్లు నిండని వాళ్లంతా పిల్లలే, ఆడపిల్లైనా మగపిల్లాడైనా. నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని సెక్షన్ 19 అంటుంది. చెప్పకపోతే వాళ్లకే శిక్ష. కాబట్టి మీ హెడ్‌మాస్టరో, తిరుపతి రుయా ఆసుపత్రి డాక్టరో ఫిర్యాదు చేశారంటే పగతో చేశారని అనుకోకండి. చట్టం వాళ్లకు వేరే దారి ఇవ్వలేదు.

రెండోది బాలల సంక్షేమ కమిటీ, అందరూ సీడబ్ల్యూసీ అనేది. సమాచారం అందిన 24 గంటల్లోగా పోలీసులు ఈ కమిటీకి, ప్రత్యేక కోర్టుకు తెలియజేయాలి. మీరు దోషా కాదా అన్నది కమిటీ తేల్చదు. పిల్ల ఎక్కడ ఉంటే క్షేమం అన్నదే దాని పని. 1098కి వచ్చిన కాల్‌తో మొదలైన విషయాలు కూడా తరచూ ఇక్కడికే వస్తాయి.

మూడోది మీ ఉద్యోగం వైపు నుంచి వచ్చేది: షోకాజ్ నోటీసు, సస్పెన్షన్, శాఖాపరమైన విచారణ.

లైంగిక ఆరోపణ కాకుండా కొట్టడం, హింసించడం అయితే బాల న్యాయ చట్టం 2015లోని సెక్షన్ 75, న్యాయ సంహితలోని గాయాల సెక్షన్లు వస్తాయి. టీచర్లకు విద్యా హక్కు చట్టం సెక్షన్ 17 కూడా ఉంది. "మన కాలంలో మాస్టర్లు కొట్టలేదా" అన్న వాదన కోర్టులో నిలబడదు.

ఎఫ్‌ఐఆర్ కాపీ ఎలా తెచ్చుకోవాలి? మామూలు కేసుల ఎఫ్‌ఐఆర్‌లు ఆన్‌లైన్‌లో పెడతారు. పోక్సో లాంటి సున్నితమైన కేసులవి పెట్టరు. సుప్రీంకోర్టు 2016లో యూత్ బార్ అసోసియేషన్ కేసులో చెప్పిన ప్రకారం, కాపీ కోసం మీరు గానీ మీ తరఫున ఇంకొకరు గానీ స్టేషన్‌కు లేదా ఎస్పీకి దరఖాస్తు పెట్టొచ్చు. కోర్టు నుంచి కూడా సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. ఈ పని లాయర్ ద్వారా చేయించండి.

కాపీ చేతికి రాగానే సెక్షన్లు చూడండి. బెయిల్ లెక్కంతా వాటి మీదే ఆధారపడుతుంది. పోక్సో సెక్షన్ 12 మాటలు, సైగలు, వెంటపడటం లాంటి వేధింపు, 3 ఏళ్ల దాకా శిక్ష. సెక్షన్ 8 లైంగిక ఉద్దేశంతో తాకడం, 3 నుంచి 5 ఏళ్లు. అదే పని టీచరో, బంధువో, పిల్ల బాధ్యత ఉన్నవాళ్లో చేశారంటే సెక్షన్ 10, 5 నుంచి 7 ఏళ్లు. సెక్షన్ 4 (శరీరంలోకి చొప్పించే లైంగిక దాడి) కింద కనీసం 10 ఏళ్లు, పిల్ల వయసు 16 లోపైతే కనీసం 20. సెక్షన్ 6 (అదే దాడి మరింత తీవ్రమైన పరిస్థితుల్లో) కింద కనీసం 20 ఏళ్లు. పిల్ల ఎస్సీ, ఎస్టీ కుటుంబానికి చెందితే అట్రాసిటీ చట్టం కూడా చేరవచ్చు. దాని సంగతి బెయిల్ దగ్గర చెబుతాను.

3. లాయర్‌ను ఎంచుకోవడం, నిజం చెప్పడం

తిరుపతిలో, చిత్తూరులో క్రిమినల్ కేసులు చూసే లాయర్లకు కొదవ లేదు. సెషన్స్ ట్రయల్స్ చేసినవాళ్లు కావాలి, అందులోనూ పోక్సో కేసులు నడిపినవాళ్లు. మొదటి భేటీలోనే ఇవి అడగండి:

☐ పోక్సో కేసులో సాక్షుల క్రాస్ ఎగ్జామినేషన్ మీరే స్వయంగా చేశారా?
☐ స్టేషన్‌కు పిలిస్తే మీరు వస్తారా, జూనియర్‌ను పంపుతారా?
☐ ముందస్తు బెయిల్, రెగ్యులర్ బెయిల్, ట్రయల్, వేటికి ఎంత ఫీజు?
☐ అవసరమైతే అమరావతి హైకోర్టులో ఎవరు చూస్తారు?

"ఎస్సై మనోడే, సెక్షన్ తీయించేస్తా, ఇంత ఖర్చవుతుంది" అనేవాళ్లు స్టేషన్ చుట్టుపక్కల తిరుగుతుంటారు. ఒక్క రూపాయి ఇవ్వకండి. డబ్బు పోవడం ఒక్కటే కాదు, లంచం ఇవ్వబోయినట్టు ఇంకో కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

డబ్బు లేకపోతే ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేయొచ్చు. చిత్తూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు గానీ, మీ దగ్గరి కోర్టులోని న్యాయ సేవా కమిటీకి గానీ దరఖాస్తు పెట్టొచ్చు. కస్టడీలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో సంబంధం లేకుండా ఈ హక్కు ఉంది. రిమాండ్‌కు తీసుకెళ్లినప్పుడు "నాకు లాయర్ లేరు" అని మేజిస్ట్రేట్‌కు చెబితే ఏర్పాటు చేస్తారు.

లాయర్‌కు మాత్రం ఏదీ దాచకండి. నిజంగా ఏదైనా జరిగి ఉంటే అదీ చెప్పండి. మీ అనుమతి లేకుండా ఆయన దాన్ని బయటపెట్టకూడదు, చట్టమే ఆ రక్షణ ఇచ్చింది. సగం నిజం విన్న లాయర్ తయారుచేసిన వాదన, ఛార్జిషీటు వచ్చిన రోజే కూలిపోతుంది. తప్పు చేసినవాళ్లకు కూడా న్యాయమైన విచారణ హక్కే. పిల్లను అబద్ధాలకోరుగా చిత్రించడం మాత్రం ఎవరి హక్కూ కాదు.

4. ఆధారాలు భద్రపరచడం

ఈ మెట్టు మీద ఎక్కువ సమయం పెట్టండి. ఎందుకో చెబుతాను. మామూలు క్రిమినల్ కేసులో నిందితుడు ఏదీ రుజువు చేయక్కర్లేదు. పోక్సోలో అలా కాదు. సెక్షన్ 29 ప్రకారం కొన్ని నేరాల్లో, ప్రాసిక్యూషన్ మూల విషయాలను రుజువు చేసిందంటే నిందితుడే చేశాడని కోర్టు భావించాలి. కాదని చూపించాల్సిన భారం మీ వైపుకు వస్తుంది. సెక్షన్ 30 దురుద్దేశం విషయంలోనూ అలాంటి భావననే పెడుతుంది. "నేను చేయలేదు" అనడం సరిపోదు. ఆ రోజు ఎక్కడున్నారు, ఎవరున్నారు, ఏం జరిగింది అన్నది కాగితాలతో చూపించాల్సి రావచ్చు.

మొదటి పని, కాలక్రమం రాసుకోవడం. పైన "నా న్యాయవాదికి మాత్రమే" అని రాసి, ఆ కుటుంబంతో పరిచయం ఎప్పటిది, ఆరోపించిన తేదీకి ముందూ వెనుకా ఏం జరిగింది, డబ్బు తగాదా, మార్కుల గొడవ, కస్టడీ వివాదం ఏవైనా ఉన్నాయా అన్నది తేదీలతో రాయండి. గుర్తులేనిచోట గుర్తులేదనే రాయండి, ఊహించి నింపకండి. ఇది లాయర్‌కు ఇచ్చేయండి, ఇంట్లో కాపీలు పెట్టుకోకండి.

రెండోది, చెరిగిపోయేవాటిని ముందు పట్టుకోవడం.

☐ సీసీ కెమెరాల ఫుటేజీ. అపార్ట్‌మెంట్లు, షాపుల్లో కొన్ని వారాలకే పాతదాని మీద కొత్తది రికార్డయిపోతుంది. హార్డ్ డిస్క్ మీరు తీసుకెళ్లకండి. భద్రపరచమని లాయర్ చేత యజమానికి లేఖ రాయించి, ఆ కెమెరా సంగతి దర్యాప్తు అధికారికి కూడా రాతపూర్వకంగా తెలపండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.
☐ బస్సు టికెట్లు, పెట్రోల్ బంకు స్లిప్పులు. ఆ కాగితం మీద అచ్చు కొన్నాళ్లకే మాసిపోతుంది. ఫోటో తీసి అసలుతో పాటు పెట్టండి.
☐ ఆ రోజు కొండ మీద ఉంటే తిరుమల గది రసీదు, దర్శనం టికెట్, అలిపిరి దగ్గర బండికి కట్టిన టోల్ వివరం.
☐ యూపీఐ చెల్లింపులు, బ్యాంకు స్టేట్‌మెంట్.
☐ స్కూల్ హాజరు పట్టిక, టైమ్ టేబుల్, బయోమెట్రిక్ వివరాలు. ఇవి స్కూల్ దగ్గరే ఉండాలి, మీరు ఎత్తుకొచ్చారంటే దొంగతనం అవుతుంది. లాయర్ కోర్టు ద్వారా తెప్పిస్తారు.
☐ కాల్ రికార్డులు. టెలికాం కంపెనీలు వీటిని కనీసం 2 ఏళ్లు ఉంచాలి. కోర్టు ద్వారా అడగొచ్చు.

ఫోన్‌లోని చాట్‌లు, ఫోటోలు కోర్టులో చెల్లాలంటే సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ కావాలి. స్క్రీన్‌షాట్లు మాత్రమే తీసి అసలు చాట్ పోగొట్టుకున్నవాళ్లు తర్వాత చాలా బాధపడతారు. అసలు ఫోన్, అసలు చాట్ ఉండాలి.

మీకు ఇబ్బంది కలిగించే మెసేజ్ కనిపించినా దాన్ని తుడవకండి. ఫోరెన్సిక్ ల్యాబ్‌లో డిలీట్ చేసినవి తరచూ బయటికి వస్తాయి. ఆధారం మాయం చేయడం న్యాయ సంహిత సెక్షన్ 238 కింద వేరే నేరం. ఆ మెసేజ్‌కు వివరణ ఉండొచ్చు. తుడిచేసినదానికి వివరణ ఉండదు.

సాక్షుల పేర్లు రాసి లాయర్‌కు ఇవ్వండి. వాళ్ల దగ్గరికి వెళ్లి ఏం చెప్పాలో నేర్పకండి. పిల్లలెవరైనా మీకు అనుకూలంగా చెబుతారని తెలిసినా, వాళ్లతో మీరు మాట్లాడకండి.

5. స్టేషన్‌కు పిలిచినప్పుడు

ఫోన్‌లో పిలిచారంటే "తప్పకుండా వస్తాను సార్, నోటీసు ఇప్పించండి" అని మర్యాదగా చెప్పి లాయర్‌తో మాట్లాడండి. 7 ఏళ్ల లోపు, లేదా 7 ఏళ్ల దాకా శిక్ష పడే నేరాల్లో, అరెస్టు అవసరం లేదనుకుంటే పోలీసులు నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చింది) సెక్షన్ 35(3) కింద నోటీసు ఇస్తారు. పాత 41ఎ నోటీసు అంటే ఇదే, 2024 జులై 1 నుంచి నంబరు మారింది. దీని ప్రకారం హాజరవుతూ సహకరిస్తుంటే, అధికారి కారణాలు రాసి ఉంచితే తప్ప అరెస్టు చేయకూడదు. హాజరు కాకపోతే ఆ రక్షణ పోతుంది. సెక్షన్ 4, 6 లాంటి పెద్ద సెక్షన్లకు ఈ నోటీసు వర్తించదు.

వెళ్లేటప్పుడు నోటీసు కాపీ, ఆధార్, మందులు, లాయర్ నంబరు రాసిన కాగితం దగ్గర పెట్టుకోండి. ఏ టైముకు లోపలికి వెళ్లారో, ఏ టైముకు వచ్చారో ఇంట్లోవాళ్లు రాసి పెట్టాలి.

లోపల గుర్తుంచుకోవాల్సినవి:

☐ పేరు, చిరునామా, ఉద్యోగం లాంటి వివరాలు నిజం చెప్పండి.
☐ ఆరోపణ గురించి ఏ ప్రశ్నకు జవాబివ్వాలో ముందే లాయర్‌తో నిర్ణయించుకోండి. మీకు వ్యతిరేకంగా మీరే సాక్ష్యం చెప్పాలని రాజ్యాంగం 20(3) అధికరణ ప్రకారం ఎవరూ బలవంతపెట్టలేరు.
☐ విచారణ సమయంలో లాయర్‌ను కలిసే హక్కు సురక్షా సంహిత సెక్షన్ 38 ఇస్తుంది. మొత్తం సేపు పక్కనే కూర్చోబెట్టుకునే హక్కు కాదు.
☐ మీ వాంగ్మూలం మీద సంతకం పెట్టాల్సిన పని లేదు. ఖాళీ కాగితం మీద అసలే వద్దు.
☐ ఫోన్ స్వాధీనం చేసుకుంటే అడ్డుపడకండి. ఏమేం తీసుకున్నారో రాసిన పంచనామా కాపీ అడగండి. పాస్‌వర్డ్ విషయం లాయర్ సలహా ప్రకారం.
☐ లై డిటెక్టర్, నార్కో పరీక్షలు మీ సమ్మతి లేకుండా చేయకూడదని సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో చెప్పింది. "భయమెందుకు, ఒప్పుకోండి" అన్నా లాయర్‌ను అడిగాకే.

మౌనంగా ఉండటం వేరు, అబద్ధం చెప్పడం వేరు. మొదటిదానికి హక్కుంది. రెండోది మిమ్మల్ని ట్రయల్ చివరి దాకా వెంటాడుతుంది. "ఆ రోజు నేను ఊళ్లోనే లేను" అని కంగారులో అనేసి, తర్వాత టవర్ లొకేషన్‌లో దొరికిపోయిన మనిషి మిగతా ఏ నిజం చెప్పినా ఎవరూ నమ్మరు.

పిల్ల వాంగ్మూలం ఎప్పుడు, ఎక్కడ తీసుకుంటున్నారో ఆరా తీయకండి. పిల్ల నిందితుడి కంటపడకుండా చూడటం పోలీసుల బాధ్యత. మీరు ఆ చుట్టుపక్కల కనిపించినా తప్పే.

6. బెయిల్

సురక్షా సంహిత సెక్షన్ 482 కింద ముందస్తు బెయిల్ కోసం సెషన్స్ కోర్టుకు గానీ హైకోర్టుకు గానీ వెళ్లొచ్చు. అయితే రెండు చోట్ల తలుపు మూసి ఉంటుంది. 16 ఏళ్ల లోపు బాలికపై అత్యాచారం ఆరోపణ న్యాయ సంహిత సెక్షన్ 65 కింద గానీ, 18 ఏళ్ల లోపు బాలికపై సామూహిక అత్యాచారం ఆరోపణ 70(2) కింద గానీ ఉంటే ముందస్తు బెయిల్ దొరకదు. అట్రాసిటీ చట్టం చేరితే దాని సెక్షన్ 18 కూడా అడ్డుపడుతుంది. అప్పుడు లొంగిపోయి రెగ్యులర్ బెయిల్ అడగడమే దారి అవుతుంది. ఎప్పుడు, ఎక్కడ లొంగిపోవాలన్నది లాయర్ చెప్పినట్టే చేయండి. తమిళనాడు సరిహద్దు గంట ప్రయాణమే కదా అని వేలూరుకో చెన్నైకో వెళ్లిపోయేవాళ్లున్నారు. పారిపోయాడన్న ఆ ఒక్క వాక్యం బెయిల్ పిటిషన్‌ను ముంచేస్తుంది.

బెయిల్ మీద బాధిత కుటుంబం తన వాదన వినిపించుకుంటుంది, అది వాళ్ల హక్కు. కోర్టుకు ముఖ్యంగా కావాల్సింది, మీరు బయట ఉంటే పిల్లకు, సాక్ష్యానికి ముప్పు లేదన్న నమ్మకం. కాబట్టి మీరే ముందుగా చెప్పండి: పిల్ల ఉండే వీధికి వెళ్లను, ఆ స్కూల్ వైపు వెళ్లను, వేరే ఊళ్లో ఫలానా చిరునామాలో ఉంటాను, పాస్‌పోర్టు ఇచ్చేస్తాను అని. జామీనుదారులను, వాళ్ల ఆస్తి కాగితాలను, ఆధార్‌లను ముందే సిద్ధం చేసుకోండి. బెయిల్ వచ్చాక జామీను కాగితాల కోసం సబ్ జైలులో అదనపు రోజులు గడిపేవాళ్లు చాలామంది.

దర్యాప్తు గడువులోపు ముగియకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. 10 ఏళ్లు, అంతకు మించిన శిక్ష ఉన్న నేరాల్లో 90 రోజులు, మిగతావాటిలో 60. ఛార్జిషీటు పడకముందే దరఖాస్తు పెట్టాలి. ఒక్క రోజు ఆలస్యమైనా ఆ హక్కు చేజారుతుంది, కాబట్టి రిమాండ్ తేదీని క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి.

7. అరెస్టయితే

ఎదురుతిరగకండి, పరిగెత్తకండి. అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి, మీ బంధువుకో స్నేహితుడికో కబురు చెప్పాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. వైద్య పరీక్షకు తీసుకెళతారు, తిరుపతిలో అయితే మామూలుగా రుయాకు. ఒంటి మీద దెబ్బలుంటే డాక్టర్‌కు చూపించి రాయించండి. మేజిస్ట్రేట్ "ఏమైనా చెప్పాలా" అని అడిగినప్పుడు చెప్పడానికి సిగ్గుపడకండి, అదే సరైన చోటు.

పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. కానీ మీరు చెప్పిన సమాచారం వల్ల ఏదైనా వస్తువు దొరికితే ఆ మేరకు చెల్లుతుంది.

ఆరోపణ ఎదుర్కొంటున్న కుర్రాడికే 18 నిండకపోతే దారి పూర్తిగా వేరు. లాకప్‌లో పెట్టకూడదు, జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు తీసుకెళ్లాలి. పదో తరగతి సర్టిఫికెట్, లేదా పుట్టిన తేదీ ధ్రువపత్రం వెంటనే తీసుకెళ్లి చూపించండి.

8. ప్రేమ కేసుల్లో

వీటి గురించి అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి విడిగా చెబుతున్నాను. అమ్మాయికి 18 నిండకపోతే ఆమె ఇష్టాన్ని చట్టం సమ్మతిగా లెక్కపెట్టదు. "తనే వచ్చింది" అన్నది రక్షణ కాదు. కిడ్నాప్ సెక్షన్ కూడా చేరుతుంది. పెళ్లి చేసేస్తే కేసు పోతుందని పెద్దలు గుడికి తీసుకెళితే, అది బాల్య వివాహ నిషేధ చట్టం 2006 కింద ఇంకో నేరం.

ఇక్కడ అసలు కీలకం వయసు. స్కూల్ లేదా మెట్రిక్ సర్టిఫికెట్ ముందు, అది లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆధార్‌లో తేదీ చూసి నిశ్చింతగా ఉండకండి. అమ్మాయి తనంతట తానే ఫోన్ చేసినా మాట్లాడకండి. కాల్ వచ్చిన సంగతి లాయర్‌కు చెప్పండి.

9. ఉద్యోగం, ఇల్లు

షోకాజ్ నోటీసుకు గడువులోపు జవాబివ్వాలి. కానీ కేసు వివరాల్లోకి వెళ్లి పేజీలకు పేజీలు రాయకండి, అక్కడ రాసినది కోర్టుకు వస్తుంది. ఆరోపణ నిరాకరిస్తున్నానని, పత్రాల కాపీలు కావాలని, క్రిమినల్ దర్యాప్తు నడుస్తోందని రాసి లాయర్‌కు చూపించి ఇవ్వండి. ప్రభుత్వ ఉద్యోగి 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే సస్పెండ్ అయినట్టే లెక్క. సస్పెన్షన్ కాలంలో ఇచ్చే జీవనభృతికి దరఖాస్తు పెట్టడం మరచిపోవద్దు.

సొంత పిల్ల విషయంలో ఆరోపణ అయితే, సీడబ్ల్యూసీ పిలిచినప్పుడు లాయర్‌తో మాట్లాడి వెళ్లండి. ఆరోపణ మీద వాదన అక్కడ వద్దు. పిల్ల వాడే మందులు, స్కూల్ పుస్తకాలు, ఎలర్జీలు, భయాలు, రాత్రి ఏది పక్కన ఉంటే నిద్రపోతుంది, ఇవి రాసి జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్లకు ఇవ్వండి. చూడటానికి అనుమతి కోర్టు లేదా కమిటీ ఇస్తేనే. అమ్మమ్మ ఇంటి కిటికీ దగ్గర దొంగచాటుగా కాదు.

10. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

*పెద్దమనుషుల పంచాయితీ.* పోక్సో రాజీ పడే కేసు కాదు. టీచర్ మీద పెట్టిన కేసును కుటుంబం రాజీపడిందని ఒక హైకోర్టు కొట్టేస్తే, సుప్రీంకోర్టు 2024 నవంబరులో ఆ ఉత్తర్వును రద్దు చేసింది. ఇప్పటికే పంచాయితీ జరిగి ఉంటే, డబ్బు ఇచ్చి ఉంటే, కాగితం రాసుకుని ఉంటే లాయర్‌కు వెంటనే చెప్పండి. మళ్లీ కూర్చోకండి.

*క్షమాపణ మెసేజ్.* "ఏమైనా తప్పుగా అనిపిస్తే సారీ" అని పంపినది ఒప్పుకోలుగా చదువుతారు. పంపేసి ఉంటే డిలీట్ చేయకండి, ఇంకో మెసేజ్‌తో సర్దకండి.

*పిల్ల తల్లి నడవడి మీద ప్రచారం.* ఇది మీకు ఏ కోర్టులోనూ ఉపయోగపడదు. ఆ పిల్ల రేపు బడికి వెళ్లాలి, ఆ వీధిలో నడవాలి.

*పిల్ల మాటలు రహస్యంగా రికార్డు చేయించడం.* బంధువుల చేత అడిగించి వీడియో తీయించేవాళ్లున్నారు. అది పిల్లను మళ్లీ హింసించడమే, కోర్టుకు సాక్షిని తారుమారు చేసినట్టు కనిపిస్తుంది. అలాంటిది ఉంటే షేర్ చేయకుండా లాయర్‌కు చెప్పండి.

11. ఛార్జిషీటు తర్వాత

ఛార్జిషీటు, వాంగ్మూలాలు, వైద్య నివేదిక, ఫోరెన్సిక్ నివేదికల కాపీలు ఉచితంగా ఇవ్వాలి. ఒక్క పేజీ తగ్గినా లాయర్ అడగాలి. వాటిని ఇంటికి తెచ్చి బంధువులకు చదివి వినిపించకండి, వాటి నిండా పిల్ల గుర్తింపు ఉంటుంది. ఆధారమే లేదనుకుంటే డిశ్చార్జ్ పిటిషన్‌కు (ట్రయల్ లేకుండానే వదిలేయమని అడిగేది) 60 రోజుల గడువుంది, లాయర్‌ను ముందే అడగండి.

విచారణ మూసిన కోర్టులో జరుగుతుంది. పిల్ల సాక్ష్యం కోర్టు కేసు స్వీకరించిన 30 రోజుల్లో నమోదు చేయాలని, మొత్తం ఏడాదిలో ముగించాలని చట్టం లక్ష్యం. ఆచరణలో ఆలస్యమవుతుంది. మీ లాయర్ ప్రశ్నలు జడ్జి ద్వారానే పిల్లకు చేరతాయి, పిల్లకు మీరు కనిపించకుండా తెర గానీ వీడియో గానీ పెడతారు. దీన్ని అవమానంగా తీసుకోకండి. ప్రశాంతంగా, తేదీల మీద, వైద్య నివేదికలో తేడాల మీద అడిగిన నాలుగు ప్రశ్నలు గద్దించి అడిగిన నలభైకంటే ఎక్కువ పని చేస్తాయి.

ప్రతి వాయిదాకూ హాజరవ్వండి. రాలేకపోతే ముందు రోజే చెప్పి పిటిషన్ వేయించండి, లేకపోతే వారెంటు వస్తుంది.

కేసు కొట్టేసినా, పోలీసులే ఆధారాలు లేవని మూసేసినా, ఆ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీలు తీసుకుని ఒకటి మీ శాఖకు దరఖాస్తుతో ఇవ్వండి. తప్పుడు ఫిర్యాదు చేసినందుకు పోక్సో సెక్షన్ 22 కింద కేసు పెడతామని వెంటనే బయల్దేరకండి. అవమానించడానికో, డబ్బు గుంజడానికో, బెదిరించడానికో, పరువు తీయడానికో కావాలని అబద్ధం చెప్పారని రుజువు కావాలి. మీరు నిర్దోషిగా బయటపడటం ఒక్కటే దానికి సరిపోదు. ఫిర్యాదు చేసింది పిల్లే అయితే ఆ సెక్షన్ కింద శిక్షే లేదు. ఆ ఉత్తర్వు మొత్తం లాయర్‌తో కూర్చుని చదివి, పై కోర్టులో అప్పీలు గడువు ముగిశాకే దాని గురించి ఆలోచించండి.